పోయేవాడి వాటా

ముందు బియ్యం ఎత్తారు. మనిషిని తర్వాత ఎత్తారు.

ఇది నా కళ్ళతో చూశాను. రంగూన్‌లో, అహ్లోన్ రేవులో, యజమాని ఊ ట్వే లిన్ గొడౌను ముందు, పొద్దున్న ఎనిమిదింటికి. నీళ్ళలో పడవ, ఒడ్డున గొడౌను, రెంటికీ మధ్య ఒక చెక్కబల్ల. ఆ బల్లమీదుగా కళాసీలు బియ్యం బస్తాలు మోసుకొస్తున్నారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని, లోపలికి వచ్చే ప్రతి బస్తాకీ ఒక గీత గీయడం నా ఉద్యోగం. వరసలో పదకొండో మనిషిని చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. అప్పయ్య తాత! అరవై ఎనిమిదేళ్ళవాడు. మూడేళ్ళ కిందటే పని మాని పింఛను మీద బతుకుతున్నవాడు.

బల్ల తడిగా ఉంది. రెండడుగులు వేశాడు, మూడోది జారింది. మనిషి రాళ్ళమీద పడ్డాడు. బస్తా పక్కన పడి పగిలింది.

"బియ్యం నీళ్ళలోకి పోతన్నాయి, ఎత్తండెహె!" పైనుంచి మేనేజరు భాస్కర్ అరిచాడు.

నలుగురు చీపుళ్ళూ చేటలూ పట్టుకుని దిగారు. చివరి గింజదాకా ఊడ్చి ఎత్తారు. అంతసేపూ తాత నోరు తెరుచుకుని ఊపిరి కోసం వెతుక్కుంటూ అక్కడే పడున్నాడు.

"చిరిగిన బస్తా ఒకటి, అప్పయ్య పేరున రాయి," అన్నాడు భాస్కర్ నాతో.

నేను రాశాను. దాచిపెట్టడం దేనికి, రాశాను.

బస్తాల మూతులు కుట్టే ఆడవాళ్ళ వరసలోంచి అప్పుడు చిన్నతల్లి పిన్ని లేచింది. యాభై ఏళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ రేవులో దబ్బనం పట్టుకున్న చెయ్యి. చేటలు పట్టుకున్నవాళ్ళని రెండు చేతులా పక్కకి నెట్టేసింది.

"సూరీ! ఇలా రారా. నీ ఈపు ఇయ్యి," అని కేకేసింది.

సూరి ఇరవై మూడేళ్ళ కుర్రాడు, రేవులో అందరికంటే జోరుగా బస్తాలు మోసేవాడు. వాడు వంగాడు. తాతని వీపుమీద ఎక్కించుకుని రోడ్డుమీదున్న పికప్ దాకా పరిగెత్తాడు. నేను పుస్తకం కుర్చీలో పడేసి వెనకాల వెళ్ళాను.

బండిలో పిన్ని తాత తల ఒళ్ళో పెట్టుకుంది. "ఈ వయసులో బస్తా మొయ్యడానికి ఎందుకొచ్చినావు మావా?"

"రెండు నెలలయింది గదమ్మా పించనొచ్చి," అన్నాడు తాత పళ్ళ బిగువున. "ఆపీసులో అడిగితే పండులో డబ్బు నేదన్నారు. ఇంట్లో నూకలు కూడా నేవు. ఏటి సెయ్యమంటావు?"

ఆస్పత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు.

*

పండు అంటే ఫండు. మా పెద్దలకి ఫ పలకదు. అది ఎలా పుట్టిందో చెప్పకపోతే ఈ కథ మీకు అందదు.

అహ్లోన్ కళాసీ ఒక్క యజమాని దగ్గర పని చెయ్యడు. ఇవాళ ఈ గొడౌను, రేపు ఆ మిల్లు, పడవ ఎక్కడ ఆగితే అక్కడ. అందుకని నడుం ఒంగిపోయాక "వీడు నావాడు" అని ఒప్పుకునే యజమాని ఉండడు. మా తాతల్ని విశాఖపట్నం నుంచి, గంజాం నుంచి ఓడల్లో దింపిన నాటినుంచీ ఇదే తంతు. ఒళ్ళు ఉన్నంతకాలం అందరికీ పనికొస్తాం, ఒళ్ళు పోయాక ఎవరికీ అక్కర్లేదు. సంఘాలు పెట్టుకోనిచ్చిన ఆ నాలుగు రోజుల్లో, అంటే పన్నెండేళ్ళ కిందట, కళాసీలూ కుట్టేవాళ్ళూ కలిసి పదిహేడు రోజులు రేవు మూసేశారు. బియ్యం పడవల్లోనే ముక్కిపోయింది. చివరికి అయిదుగురు యజమానులు దిగొచ్చి ఒకే కాగితంమీద సంతకాలు పెట్టారు. మోసిన ప్రతి టన్నుకీ వాళ్ళు కొంత, మా కూలిలోంచి కొంత, అయిదుగురికీ కలిపి ఒకే ఫండు. ఎవరి దగ్గర మోసినా ముసలితనంలో పింఛను వస్తుంది.

తర్వాత సైన్యం గద్దెనెక్కి దేశం మీద పెద్ద చీకటి పడింది. సంఘం బోర్డు పీకేశారు. కార్యదర్శి సరిహద్దు దాటిపోయాడు. యజమానుల్లో ఒకడు దివాలా తీశాడు, ఇంకొకడు సింగపూర్ చెక్కేశాడు. మిగిలినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలోకీ పెద్దవాడు ఊ ట్వే లిన్. నాలుగేళ్ళుగా మా కూలిలోంచి కోస్తూనే ఉన్నాడు, తన వాటా మాత్రం కట్టడం మానేశాడు.

ఆ సాయంత్రం చిన్నతల్లి పిన్ని నన్ను తన ఇంటికి తీసుకెళ్ళింది. కూర్చునే గోనెపట్టా తిరగేసి అంచు విప్పింది. రెండు గోనెల మధ్యన, ప్లాస్టిక్ సంచిలో, ఆ ఒప్పందం కాగితం!

"సంగం ఆపీసు సోదా సేసిన్నాడు కుట్టేసినాను. నాకు బర్మా మాట వచ్చుగానీ అచ్చరం రాదు. నువ్వు కాలేజీలో సదివినావు గదమ్మా మల్లికా. అచ్చరం వదలకుండా సదువు."

కాలేజీలో మూడో ఏడు చదువుతుండగా సైన్యం వద్దని రోడ్డెక్కాం, కాలేజీ పోయింది, గొడౌనులో గీతలు గీసుకుంటున్నాను. ఇన్నాళ్ళకి ఆ చదువు ఒక పనికొచ్చింది. తొమ్మిదో షరతు దగ్గర ఆగి రెండోసారి చదివాను.

"పిన్నీ, విను. ఫండులోంచి బయటికి పోయే యజమాని, ఆ రోజుకి ఎంత లోటుందో లెక్క తీయించి, అందులో తన వాటా కట్టేశాకే పోవాలి. అమ్ముకున్నా, మూసేసినా, పేరు మార్చినా అంతే. కట్టకుండా అమ్మితే, ఆ వాటా కొన్నవాడి నెత్తిన పడుతుంది."

"కట్టకుండా పోడానికి దారేదీ నేదా?"

"ఒక్కటుంది. పోయేవాడి గొడౌనులో పనిచేసే సభ్యుల్లో మూడింట రెండొంతులమంది 'ఫండు రద్దు, మాకేమీ రావద్దు' అని వేలిముద్ర వేస్తే చాలు."

పిన్ని తన బొటనవేలికేసి చూసుకుంది. తర్వాత అంది: "అయితే వత్తాడు. మన ఏళ్ళ కోసం వత్తాడు."

*

రెండు రోజులకే వచ్చాడు. తను కాదు, భాస్కర్‌ని పంపాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ ముంగిట్లో మూడొందలమందినీ నిలబెట్టారు. భాస్కర్ పడవ బల్లమీదకి ఎక్కాడు. వాళ్ళ తాత కూడా ఈ బల్లమీదే బస్తాలు మోశాడు. ఆ సంగతి మాతో మాట్లాడేటప్పుడు మాత్రమే గుర్తొస్తుంది అతనికి.

"మనోళ్ళం కాబట్టి దాపరికం లేకుండా చెప్తన్నాను. పండు ములిగిపోయింది. ఊ ట్వే లిన్ గొడౌను అమ్మేస్తన్నారు. ఇక్కడ ఇరవై అంతస్తుల బిల్డింగు లేస్తాది. అయినా మీమీద దయతో మనిషికి మూడు లక్షల చాట్లు చేతిలో పెడతానన్నారు. శుక్రవారం కొనే ఆయన వస్తాడు. ఆ రోజు ఇక్కడ బల్ల వేస్తాం, అందరూ వరసగా వచ్చి వేలిముద్ర వేసి పట్టికెళ్ళండి."

మా బర్మా డబ్బు చాట్లలో మూడు లక్షలంటే మూడు నెలల పింఛను.

"ఎయ్యకపోతే?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

భాస్కర్ నవ్వాడు. "ఎయ్యకపోతే ఏటవుద్ది? ఏటీ అవదు. సైన్యంలోకి కుర్రాళ్ళని రాసుకుంటన్నారు గదా, వార్డు ఆపీసులో లిస్టు ఖాళీగా ఉంది."

 ఇరవై, పాతికేళ్ళ పిల్లలున్న తల్లులు తల దించుకున్నారు.

*

ఈ ఊళ్ళో అయిదుగురు ఒకచోట నిలబడి మాట్లాడితే నేరం. కానీ నది దాటించే ఫెర్రీలో రెండొందలమంది ఒకరినొకరు రాసుకుని నిలబడితే ఎవరూ అడగరు. మా కళాసీల్లో సగంమంది అవతలి ఒడ్డున, ట్వంటే వైపు పల్లెల్లో ఉంటారు. ఇవతలివాళ్ళు కూడా ఆ సాయంత్రం టిక్కెట్లు కొని ఎక్కారు. ఇంజను చప్పుడు మాకు గోడయింది.

నేను తొమ్మిదో షరతు తెలుగులో చెప్పాను, మళ్ళీ బర్మీస్‌లో చెప్పాను. మధ్యలోనే సూరి అందుకున్నాడు.

"అక్కా, ఆగు. నేనొకటడుగుతాను, ఎవరూ కోప్పడకండి. నా కూలిలోంచి కోసి ముసిలాళ్ళకిత్తన్నారు. నాను ముసిలోణ్ణయ్యేసరికి ఈ పండుంటాదా? నేదు. ఈ మూడు లచ్చలిత్తే థాయిలాండు పోతాను. ఇక్కడుంటే మిలట్రీలోకి లాగేత్తారు. మీ పండు కోసం నాను సావాలా?"

"అప్పయ్య తుంటి ఇరిగితే నీకేట్రా?" అని ఒక ముసలాయన మండిపడ్డాడు.

"ఆయన్ని మోసింది నా ఈపు! నీది కాదు!" సూరి అటు తిరిగి అరిచాడు. "ఆయన ఎముకలు నా ఈపుకి తగిలినాయి. అయ్యి సూసేక ఈ పని మీద రోత పుట్టింది నాకు!"

 చిన్నతల్లి పిన్ని వాడి దగ్గరికి జరిగింది.

"నువ్వన్నది తప్పుకాదు నాయనా. పోవాలనుంటే పో. నిన్ను ఆపే హక్కు నాకు నేదు. ఒక్కటి సెప్పు. అయిదుగురు కలిసి దూలం మోత్తన్నారు. ఇద్దరు సెప్పకుండా తప్పుకున్నారు. ఇప్పుడు మూడోవోడు బుజం తీసేత్తన్నాడు. బరువెవడి మీద పడతాది?"

"మిగిలినోళ్ళ మీద."

"కాదు. ఆళ్ళూ తప్పుకుంటారు. దూలం కింద ఉన్నది మనం."

కో హ్తెట్ ఆంగ్ ముందుకొచ్చాడు. ట్వంటే రైతుబిడ్డ. పొలం పోయి కళాసీ అయినవాడు. మాతో మోసీ మోసీ తెలుగు అర్థం చేసుకుంటాడు, బర్మీస్‌లో జవాబిస్తాడు. "మూడు లక్షలు ఎవడూ దయతో ఇవ్వడు. మల్లికా, వాటా కట్టాల్సివస్తే అతనికి ఎంతవుతుంది?"

"ఆఫీసులో కాగితం చూశాను. నలభై కోట్లు దాటుతుంది."

ఫెర్రీలో ఒక్కసారి గుసగుస లేచింది.

"మనకి విసిరేది తొమ్మిది కోట్లు," అన్నాడు హ్తెట్ ఆంగ్. "ముప్పై కోట్లకి పైగా మిగుల్చుకోడానికి మన వేళ్ళు కావాలి. అవి లేకపోతే ఆ భూమి కొనేవాడు లేడు."

"కోర్టుకెళ్తే మనకి న్యాయం చేస్తారా?" అని ఇంకొకడు.

"కోర్టు మనది కాదు," అంది పిన్ని. "కానీ కొనేవోడి బయం మనదే. ఆడికి ఈ తొమ్మిదో షరతు సంగతి ఎవరూ సెప్పుండరు. మనం సెబుదాం."

"ఎలా చెప్తావత్తా? నిన్ను కారు దగ్గరికి రానిస్తారా?" అన్నాడు సూరి.

"ఆళ్ళే వరస కట్టమన్నారు గదా! కడదాం."

అవతలి ఒడ్డు వచ్చేదాకా వాదించుకున్నారు. దిగకుండా అదే ఫెర్రీలో తిరిగొచ్చారు. రెండోసారి దాటేటప్పటికి వరసకి సరేనని చేతులెత్తారు. సూరి ఎత్తలేదు. రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

*

శుక్రవారం పదింటికి తెల్ల కారు వచ్చింది. కొనే ఆయన, ఆయన లాయరు, పక్కనే సిల్కు లోంజీలో ఊ ట్వే లిన్. గొడుగు కింద కుర్చీలు. ముంగిట్లో బల్ల, బల్లమీద కాగితాలు, సిరా దిండు, నోట్ల కట్టలు.

మూడొందలమందిమీ వరస కట్టాం. నేను కూడా పుస్తకం మూసేసి వరసలోకి వచ్చాను. గొడవ లేదు, నినాదం లేదు. భాస్కర్ మొహం విప్పారింది.

మొదట చిన్నతల్లి పిన్ని. బల్ల ముందు చేతులు కట్టుకుని బర్మీస్‌లో, కుర్చీలదాకా వినబడేలా అడిగింది:

"మీ వాటా కట్టేశారా?"

"ఏం వాటా? వెయ్యి, వెయ్యి," అన్నాడు భాస్కర్ గబగబా.

"తొమ్మిదో షరతు ప్రకారం పోయేవాడి వాటా. కట్టలేదా? సరే, కట్టాక వేస్తాను."

వెళ్ళి వరస చివర నిలబడింది.

రెండోది సంచులు కుట్టే విజయకుమారి. "మీ వాటా కట్టేశారా?" కట్టలేదు. వరస చివరికి వెళ్ళింది. మూడో మనిషి కో హ్తెట్ ఆంగ్. నాలుగు. పది. ముప్పై. అదే మాట. కొందరు గట్టిగా, కొందరు వణుకుతూ, ఒక ముసలమ్మ ఏడుస్తూ. వరస బల్ల దగ్గర తరగలేదు, చివర తెగలేదు. రేవులో పడవలు ఆగిపోయాయి. పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తీస్తుంటే రెండు పడవలు బురదలో కూరుకుపోయాయి.

నలభయ్యో మనిషి సూరి. వాడు బల్లముందు నిలబడి నోట్ల కట్టకేసి చూశాడు. భాస్కర్ ఆశగా సిరా దిండు ముందుకి తోశాడు. "నువ్వు తెలివైనోడివి. వెయ్యరా బాబూ. పాస్‌పోర్టు పని కూడా నేను చూసుకుంటాను."

సూరి బొటనవేలు పైకెత్తాడు. 

"ఈ వేలు అప్పయ్య తాతది కూడా," అన్నాడు వాడు. "ఆయన లేచి రాలేడు కాబట్టి నేనే అడుగుతున్నాను. మీ వాటా కట్టేశారా?"

వరసంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

కుర్చీలో కొనే ఆయన లాయరుకేసి వంగాడు. లాయరు లేచి నేరుగా వరస దగ్గరికే వచ్చి "ఏమిటా తొమ్మిదో షరతు? ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు. నేను జిరాక్సు తీయించి తెచ్చిన కాపీ ఇచ్చాను. చదివాడు. వెనక్కి వెళ్ళి తన యజమాని చెవిలో రెండు మాటలు చెప్పాడు.

కొనే ఆయన ఊ ట్వే లిన్ మొహంమీదే అన్నాడు: "నలభై కోట్ల గొయ్యి ఉన్న స్థలాన్ని చదునైన నేలని చెప్పి నాకు అమ్ముతున్నారా?"

తెల్ల కారు వెళ్ళిపోయింది.

ముంగిట్లో చప్పట్లు లేచాయి. అప్పటిదాకా నోరు మెదపని ఆడవాళ్ళు లోంజీలు ఎగగట్టి కేకలు వేశారు. ఊ ట్వే లిన్ మాత్రం కుర్చీలోంచి లేవకుండా ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

*

మూడింటికి రెండు ట్రక్కులు వచ్చాయి. దిగినవాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. "ఈ ప్రశ్న ఎవరు నేర్పారు?" అన్నాడు అధికారి.

 అతను సూరి కాలరు పట్టుకున్నాడు. "వీడితో మొదలుపెడదాం. వయసులో ఉన్నాడు."

"ఆడికేటి తెలుసు? ఆణ్ణి వదులు." చిన్నతల్లి పిన్ని ముందుకి నడిచింది. బర్మీస్‌లో స్పష్టంగా చెప్పింది. "ప్రశ్న నాది. ఒప్పందం నేనే దాచాను. రాసుకో, నా పేరు చిన్నతల్లి."

ట్రక్కు ఎక్కేటప్పుడు ఒకడు ఆమెని తోశాడు. మోకాలు తగిలి నెత్తురు కారింది. ఆమె తిరిగి మాకేసి చూసి తెలుగులో అరిచింది. "ఒలే పిల్లలూ, ఏడవకండి! ఏలు జాగర్త!"

ఆరు రోజులు ఆమె ఎక్కడుందో తెలియలేదు. అసలు బతికుందో లేదో కూడా. ఏడోనాడు భాస్కర్ మమ్మల్ని మళ్ళీ ముంగిట్లో నిలబెట్టాడు. ఈసారి బల్లమీద నోట్లు లేవు, సిరా దిండు ఒక్కటే ఉంది.

"చిన్నతల్లి మీకు కావాలా? ఊ ట్వే లిన్ ఒక్క మాట చెప్తే రేపు ఇంటికొస్తాది. చెప్పాలంటే ఇవాళ వేళ్ళు పడాలి. లేదంటే మూడేళ్ళు. ఆవిడ మూడేళ్ళు మీ చేతుల్లో ఉన్నాయి."

చెబుతున్నాను, ఆ రోజు మేం రాయిలా నిలబడలేదు. విజయకుమారి బావురుమంది. "ఏసేద్దామే! అక్క కంటే పండు ఎక్కువా?" అంది. ఇద్దరు ముసలాళ్ళు బల్ల దగ్గరికి కదిలారు కూడా. వాళ్ళని తప్పుపట్టే నోరు నాకు లేదు, నా కాళ్ళు కూడా కదిలాయి.

అప్పుడే గేటులోంచి కో హ్తెట్ ఆంగ్ పరిగెత్తుకొచ్చాడు. కోర్టు దగ్గర ఉదయం నుంచీ కాపు కాసిన మనిషి. రొప్పుతూ, తనకి వచ్చినా రాకపోయినా ఫరవాలేదన్నట్టు, జీవితంలో మొదటిసారి గొంతెత్తి తెలుగులో మాట్లాడాడు. "సూసినాను! బండి దింపుతుంటే సూసినాను. సెయ్యి వాచింది. నన్ను సూసి అరిసింది. 'నా పేరు సెప్పి ఏలడుగుతారు. ఒక్క ఏలు పడినా నాను ఆ జైలే నా ఇల్లనుకుంటాను.' అలగే సెప్పింది!"

ముసలాళ్ళిద్దరూ ఆగిపోయారు.

సూరి ముందుకొచ్చి సిరా దిండు తీసుకున్నాడు. రేవు అంచుదాకా నడిచి నదిలోకి విసిరేశాడు. తిరిగొచ్చి ముంగిట్లో బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చున్నాడు.

"లేవరా!" అన్నాడు భాస్కర్. "ఇవాళే నీ పేరు లిస్టులో రాయిస్తాను."

"రాయించు భాస్కర్ బాబూ. నన్నొక్కణ్ణే ఎందుకు, మూడొందల పేర్లూ రాయించు. ఆ లిస్టు పట్టుకుని బస్తాలు నువ్వే మోసుకో."

వాడి పక్కన విజయకుమారి కూర్చుంది. నేను కూర్చున్నాను. కో హ్తెట్ ఆంగ్, ముసలాళ్ళు, కళాసీలు, ఆడవాళ్ళు, అందరం కూర్చున్నాం. పడవలవాళ్ళు తాళ్ళు వదిలేసి బల్లమీదుగా దిగొచ్చి మా వెనక కూర్చున్నారు.

పన్నెండింటికి రోడ్డువైపు నుంచి అలికిడి వినిపించింది. ట్రక్కులనుకున్నాం. మనుషులు. పక్క గొడౌను కళాసీలు, దాని పక్క మిల్లువాళ్ళు, తలమీద పిండి దుమ్ముతో, భుజాన తువ్వాళ్ళతో, వందలమంది. ఊ ట్వే లిన్ తప్పుకుంటే తర్వాత తప్పుకునేది తమ యజమానులేనని వాళ్ళకీ తెలుసు. ముందు నడుస్తున్న మనిషి గేటు దగ్గర ఆగి మాకేసి చేయెత్తాడు.

"మా రెండు చోట్లా పని ఆపేసినాం! కొంచెం జరగండి, కూకోడానికి సోటియ్యండి!"

మేం జరిగాం. ముంగిలి చాలలేదు, రోడ్డుమీదికి పాకింది. దూరంగా ట్రక్కుల హారన్లు మొదలయ్యాయి. పడుచువాళ్ళు ముసలివాళ్ళని మధ్యలోకి జరిపి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ లేవలేదు.

"చిన్నతల్లిని పంపండి!" అని ఎవరో బర్మీస్‌లో ఎత్తుకున్నారు. "అమ్మని పంపండి!" అని తెలుగులో ఎవరో అందుకున్నారు.

ట్రక్కులు గేటు ముందు ఆగేసరికి రెండు భాషలూ ఒకటే గొంతయ్యాయి.